అదనపు లైట్లకు పెట్టిన వెలిగే స్విచ్చి ఎప్పటికీ ఆరకపోతే ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్నలో రెండు లక్షణాలు ఉన్నాయి. కారు ముందు బంపరుకు ఒక్కొక్కటి 36 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు బిగించి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుత్ స్విచ్చి) లేకుండా, 15 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా మూడు పిన్నుల వెలిగే రాకర్ స్విచ్చికి కలిపినప్పుడు, లైట్లు స్విచ్చి మాట విన్నాయి గానీ స్విచ్చిలోని చిన్న దీపం మాత్రం బండి ఆపి తాళంచెవి తీసేసినా ఆరలేదు. దాన్ని సరిచేద్దామని రెండు వైర్లను తారుమారు చేసేసరికి, ఈసారి స్విచ్చి నొక్కీ నొక్కగానే ఫ్యూజు ఎగిరిపోయింది. స్విచ్చే పాడైందేమో, కొత్తది కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనవద్దు. మీరు చెప్పిన ఈ రెండు లక్షణాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ వైరు ఏ పిన్నుకు వెళ్లిందో బండి దగ్గరకు రాకుండానే చెప్పవచ్చు. నా బండికీ, తెలిసినవాళ్ల బండ్లకూ ఇలాంటి లైట్లు చాలాకాలంగా బిగిస్తున్నాను. వెలిగే స్విచ్చితో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

ముందు స్విచ్చి లోపల ఏముందో చూద్దాం. మూడు పిన్నుల్లో ఒకటి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే పాజిటివ్‌కు, రెండవది లైట్లకు వెళ్లే వైరుకు, మూడవది బ్యాటరీ నెగటివ్ కలిసి ఉండే బండి లోహపు బాడీకి, అంటే బాడీ ఎర్త్‌కు. స్విచ్చి నొక్కినప్పుడు కలిసేవి మొదటి రెండు పిన్నులు మాత్రమే, వాటిని కలిపేదే కాంటాక్టు. మూడవ పిన్నుకు స్విచ్చి పనితో ఏ సంబంధమూ లేదు. అది లోపలి చిన్న దీపానికి నెగటివ్ అందించడానికే ఉంది. ఆ దీపం రెండవ చివర లైట్ల పిన్నుకు కలిసి ఉంటుంది. అంటే దీపం లైట్లతో సమాంతరంగా ఉన్న మరో చిన్న లోడు (కరెంటు వాడుకునేది) అన్నమాట. లైట్లకు కరెంటు అందినప్పుడే దానికీ అందుతుంది, అందనప్పుడు ఆరిపోతుంది.

ఇప్పుడు మీ మొదటి లక్షణానికి వద్దాం. లైట్లు సరిగానే పనిచేస్తూ దీపం మాత్రం ఎప్పుడూ వెలుగుతూ ఉందంటే, బ్యాటరీ వైరు లైట్ల పిన్నుకూ, లైట్ల వైరు బ్యాటరీ పిన్నుకూ వెళ్లాయని అర్థం. స్విచ్చి కాంటాక్టుకు కరెంటు ఏ వైపు నుంచి వచ్చినా ఒకటే కాబట్టి లైట్లకు తేడా తెలియదు. దీపానికి మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే అది ఉన్న పిన్నుకే నేరుగా బ్యాటరీ కలిసింది. ఆ తరువాత మీరు మార్చినవి లైట్ల వైరూ ఎర్త్ వైరూ అయి ఉండాలి. అలా మారిస్తే ఎర్త్ వెళ్లి కాంటాక్టు ఉన్న పిన్నుకు చేరుతుంది. స్విచ్చి నొక్కగానే బ్యాటరీ పాజిటివ్ మధ్యలో ఏ లోడూ లేకుండా నేరుగా బాడీకి తగులుతుంది, ఫ్యూజు పోతుంది. ఎర్త్ వైరుకు బదులు బ్యాటరీ వైరును ఎర్త్ పిన్నుకు మార్చి ఉంటే ఫ్యూజు పోయేది కాదు, లైట్లు వెలగకుండా ఊరుకునేవి. కాబట్టి మీ పరిస్థితిలో ఈ ఒక్క అమరికే రెండు లక్షణాలకూ సరిపోతుంది. మార్చాల్సినవి మొదటి అమరికలోని బ్యాటరీ వైరు, లైట్ల వైరు; ఎర్త్ వైరు అప్పుడు ఉన్నచోటే సరిగ్గా ఉంది.

అయినా నా మాట నమ్మి నేరుగా వైర్లు గుచ్చేయకండి. పిన్నుల రంగునూ, స్విచ్చి డబ్బా మీది బొమ్మనూ కూడా అంతగా నమ్మవద్దు. చాలా స్విచ్చుల్లో రెండు పిన్నులు వెండి రంగులోనూ ఒకటి ఇత్తడి రంగులోనూ ఉంటాయి, ఆ ఇత్తడి రంగుదే ఎర్త్. కానీ మూడూ ఒకే రంగులో ఉండే స్విచ్చులూ, బొమ్మ ఒకలా లోపల మరొకలా ఉండేవీ నా చేతికి తగిలాయి. ఎర్త్ ఎప్పుడూ మధ్య పిన్నే అనుకోవడం ఇంకో పొరపాటు. వరుసగా మూడు పిన్నులు ఉన్న రాకర్ స్విచ్చుల్లో అది తరచు ఒక చివర ఉంటుంది.

స్విచ్చిని బండి నుంచి విడదీసి, మల్టీమీటరు, ఒక 9 వోల్టుల చిన్న బ్యాటరీ దగ్గర పెట్టుకోండి. మీటరును బీప్ వచ్చే స్థానంలో పెట్టి, స్విచ్చిని నొక్కి ఉంచి, పిన్నులను రెండేసి చొప్పున తాకించి చూడండి. నొక్కినప్పుడు మోగి, ఆపినప్పుడు మోగని జత ఏదో అదే కాంటాక్టు. మిగిలిపోయిన పిన్ను ఎర్త్. స్విచ్చి ఆపినప్పుడు కూడా ఒక జత మోగుతూ ఉంటే కంగారు పడకండి: లోపల ఉన్నది ఎల్‌ఈడీ కాకుండా ఫిలమెంటు బల్బు అయితే చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం పదిపన్నెండు ఓములే ఉండవచ్చు, దానికి కూడా కొన్ని మీటర్లు మోగుతాయి. అప్పుడు బీప్ వదిలేసి ఓముల అంకె చూడండి. కాంటాక్టు అయితే దాదాపు సున్నా చూపుతుంది. మీ విషయంలో ఇంకొకటి కూడా చూడాలి. ఒకసారి షార్టు తిన్న కాంటాక్టు లోపల అతుక్కుపోయి ఉండవచ్చు. స్విచ్చి ఆపినా కాంటాక్టు జత సున్నా ఓములే చూపుతుంటే మాత్రం ఆ స్విచ్చి పని అయిపోయినట్టే, కొత్తది తెచ్చుకోండి.

తరువాత స్విచ్చిని ఆపి ఉంచి, 9 వోల్టుల బ్యాటరీ నెగటివ్‌ను ఎర్త్ అని తేలిన పిన్నుకు, పాజిటివ్‌ను మిగతా రెండింటికి ఒకదాని తరువాత ఒకటి తాకించండి. దేనికి తాకిస్తే దీపం వెలుగుతుందో ఆ పిన్నుకే లైట్ల వైరు కలపాలి. వెలగని పిన్నుకు ఫ్యూజు మీదుగా వచ్చే బ్యాటరీ వైరు కలపాలి. నాకు ఈ పరీక్ష మీద గురి కుదరడానికి కారణం, స్విచ్చి తయారీదారు దీపాన్ని ఏ వైపు కలిపాడన్నది మనకు తెలియకపోయినా జవాబు సరిగ్గానే రావడం. దీపం ఉన్న పిన్నును లైట్లవైపు పెట్టుకుంటే చాలు, అది లైట్లతోపాటే వెలిగి ఆరుతుంది. రెండింటిలో దేనికీ వెలగకపోతే 9 వోల్టుల బ్యాటరీని తిప్పి, పాజిటివ్‌ను ఎర్త్ పిన్నుకు పెట్టి చూడండి. అప్పుడు వెలిగితే ఎల్‌ఈడీ ఎదురు దిశలో కట్టిన స్విచ్చి అది. పాజిటివ్ వైపు స్విచ్చిగా వాడితే లైట్లు పనిచేస్తాయి గానీ దీపం వెలగదు.

అటు ఇటు ఎలా తిప్పినా వెలగకపోతే దీపం పోయి ఉండాలి, లేదా అది అసలు బండికి పనికివచ్చే దీపమే కాదు. ఇళ్లలోని పరికరాలకు వాడే వెలిగే రాకర్ స్విచ్చులు చూడటానికి అచ్చంగా ఇలాగే ఉంటాయి, వాటిలో తరచు నియాన్ దీపం ఉంటుంది. నియాన్ వెలగడానికి పదుల వోల్టులు, సాధారణంగా 60కి పైనే కావాలి. 12 వోల్టులకు అది కళ్లు కూడా తెరవదు. స్విచ్చి మీద 250 వోల్టుల ఏసీ అని మాత్రమే రాసి ఉండి 12 వోల్టుల డీసీ ప్రస్తావన లేకపోతే అనుమానించాల్సిందే. ఏసీలో కరెంటు క్షణక్షణం సున్నాకు వస్తుంది కాబట్టి కాంటాక్టుల మధ్య పుట్టిన నిప్పు తానే ఆరిపోతుంది; డీసీలో ఆ వెసులుబాటు లేదు. అందుకే ఏసీ ఆంపియర్లను డీసీకి అలాగే అన్వయించకూడదు. అదే విధంగా 12 వోల్టుల స్విచ్చిని 24 వోల్టుల లారీకి పెడితే ఎల్‌ఈడీలో కరెంటు రెట్టింపు కన్నా ఎక్కువే పారుతుంది, దీపం ఎక్కువకాలం నిలవదు.

లైట్లు బాగానే వెలుగుతూ స్విచ్చి దీపం మాత్రం ఎన్నడూ వెలగకపోవడం మీ ఫిర్యాదుకు సరిగ్గా ఎదురుది. తొంభై పాళ్లు ఎర్త్ వైరు కలపకపోవడమో, కలిపినా అందకపోవడమో దానికి కారణం. డ్యాష్‌బోర్డు వెనక కనిపించిన ఏదో ఒక మరమేకుకు (స్క్రూకు) ఎర్త్ బిగిస్తారు. ఆ మర ప్లాస్టిక్‌లోకి దిగి ఉంటుంది, లేదా రంగు వేసిన పట్టీకి ఉంటుంది. రంగును గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, పళ్ల వాషరు వేసి బిగించాలి. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో మీటరు వోల్టుల్లో చూడటమే నయం: లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ నెగటివ్‌కూ స్విచ్చి ఎర్త్ పిన్నుకూ మధ్య కొలిస్తే 0.1 వోల్టు మించకూడదు. అదే స్థితిలో స్విచ్చి రెండు కాంటాక్టు పిన్నుల మధ్య కొలిస్తే 0.2 వోల్టులోపు ఉండాలి, అంతకన్నా ఎక్కువైతే కాంటాక్టు కాలిందనుకోవాలి. లోడు లేకుండా ఈ కొలతలు తీయడం వృథా. డిజిటల్ మీటరు దాదాపు ఏ కరెంటూ తీసుకోదు కాబట్టి, ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరులో కూడా అది నిండు 12 వోల్టులు చూపిస్తుంది.

అయిదు పిన్నుల స్విచ్చి కొనే ఆలోచన ఉందని కూడా రాశారు కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అందులో చిక్కు ఎక్కువ. వాటిలో రెండు దీపాలు ఉంటాయి. ఒకటి, కింది దీపం, లైట్లు వేసినప్పుడు వెలిగేది; మరొకటి, పై దీపం, పార్కింగ్ లైట్లు వేయగానే చీకట్లో స్విచ్చి ఎక్కడుందో చూపడానికి డ్యాష్‌బోర్డు దీపాలతోపాటు వెలిగేది. చాలా నమూనాల్లో రెండింటికీ ఎర్త్ ఒకటే. ఒక స్నేహితుడి బండిలో ఇలాంటి స్విచ్చి విచిత్రంగా ప్రవర్తించింది: పార్కింగ్ లైట్లు వేస్తే స్విచ్చిలోని రెండు దీపాలూ మసకగా వెలిగేవి, పార్కింగ్ లైట్లు ఆపి అదనపు లైట్లు వేస్తే డ్యాష్‌బోర్డులో గడియారం వెనక దీపం నీరసంగా వెలిగేది. బిగించినతను స్విచ్చి లోపల షార్టు ఉందని తేల్చేశాడు. పార్కింగ్ లైట్లు వేసి స్విచ్చి ఎర్త్ పిన్ను దగ్గర కొలిస్తే సున్నా ఉండాల్సిన చోట సుమారు 6 వోల్టులు కనిపించింది. ఆ అంకె చూశాక ఇక వెతకాల్సిన పని లేకపోయింది. ఎర్త్ తెగిపోయినందువల్ల పార్కింగ్ వైపు నుంచి వచ్చిన కరెంటు పై దీపంలోంచి కింది దీపంలోకి, అక్కడి నుంచి అదనపు లైట్ల మీదుగా భూమి చేరుతోంది. రెండు బల్బులూ వరుసగా కలిసి 12 వోల్టులను సగం సగం పంచుకుంటున్నాయి. అదనపు లైట్లు వేసినప్పుడు అదే దారిలో కరెంటు వెనక్కి పారి గడియారం దీపాన్ని వెలిగిస్తోంది. ఎర్త్ వైరు చివర రింగు టెర్మినల్లో పోగులు పట్టు తప్పి ఉన్నాయి. దాన్ని కోసి మళ్లీ గట్టిగా క్రింప్ చేయగానే (నొక్కి బిగించగానే) అన్నీ సర్దుకున్నాయి.

ఆ స్విచ్చిలో ఫిలమెంటు బల్బులు ఉండబట్టి కరెంటు రెండు వైపులా పారింది. ఎల్‌ఈడీలైతే రెండవది ఎదురు దిశలో అడ్డుపడుతుంది, రెండూ వెలగకుండా ఊరుకుంటాయి. కాబట్టి లక్షణం స్విచ్చి రకాన్ని బట్టి మారుతుంది, మూలం మాత్రం ఒకటే. అయిదు పిన్నుల స్విచ్చుల్లో పిన్నుల అంకెలు తయారీదారుని బట్టి మారుతాయి, అందువల్ల పైన చెప్పిన 9 వోల్టుల పరీక్షే ఇక్కడ కూడా చేయండి. కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు వెలుగును తగ్గించే ఏర్పాటు నెగటివ్ వైపు ఉంటుంది. అలాంటి బండిలో పై దీపం ఎర్త్‌ను బాడీకి కలిపితే మిగతా దీపాలన్నీ తగ్గినా ఇది ఒక్కటే నిండుగా వెలుగుతూ కళ్లలో పొడుస్తుంది.

రిలే సంగతి. మీ లైట్లు రెండూ కలిపి 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. డీసీలో 15 నుంచి 20 ఆంపియర్ల సామర్థ్యం ఉన్న స్విచ్చి దీన్ని నేరుగా మోయగలదు, రిలే తప్పనిసరి కాదు. అయినా నేనైతే పెడతాను, ఎందుకంటే అప్పుడు ఇంజన్ గది నుంచి డ్యాష్‌బోర్డు దాకా లావు వైరు, దానిలో నిండు కరెంటు ఉండనక్కరలేదు. బండ్లలో వాడే మామూలు రిలే పిన్నుల అంకెలు డిన్ 72552 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం ఉంటాయి: 30 బ్యాటరీకి, 87 లైట్లకు, 86, 85 రిలేను కలిపే అయస్కాంతపు తీగచుట్టకు, అంటే కాయిల్‌కు. స్విచ్చి నుంచి లైట్లకు వెళ్లే వైరు ఇప్పుడు 86కు వెళుతుంది, 85 ఎర్త్‌కు. కాయిల్ తీసుకునేది 150 నుంచి 200 మిల్లీ ఆంపియర్లు మాత్రమే.

అయితే రిలే పెట్టాక స్విచ్చి దీపం చెప్పే మాట మారుతుంది. అంతకుముందు అది లైట్ల వైరులో కరెంటు ఉందని చెప్పేది, ఇప్పుడు కాయిల్‌కు కరెంటు అందిందని మాత్రమే చెబుతుంది. 30 దగ్గరి ఫ్యూజు పోయి లైట్లు చీకటిగా ఉన్నా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. దీపం నిజం చెప్పాలంటే, దానికి విడిగా పిన్ను ఉన్న స్విచ్చి తీసుకుని, 87 నుంచి చిన్న ఫ్యూజుతో సన్నని వైరు లాగి ఆ పిన్నుకు కలపాలి. రాత్రిపూట ముందు ఏముందో చూసుకుంటూ నడిపే మనిషికి ఈ కాస్త అదనపు శ్రమ దండగ కాదు. రిలే కాయిల్‌కు కరెంటు హైబీమ్ వైరు నుంచి తీసుకుంటే స్విచ్చి వేసి ఉన్నా హైబీమ్ వేసినప్పుడే దీపం వెలుగుతుంది. దాన్ని లోపమనుకుని స్విచ్చులు మార్చినవాళ్లను చూశాను. అది అలాగే ఉండాలి. కొన్ని బండ్లలో హెడ్‌లైట్లకు పాజిటివ్ ఎప్పుడూ ఉండి, నెగటివ్ వైపున స్విచ్చి పనిచేస్తుంది. అక్కడ హైబీమ్ వైరును మామూలుగా 86కు కలిపితే రిలే తలకిందులుగా ప్రవర్తిస్తుంది, కాబట్టి కలపడానికి ముందే హైబీమ్ వేసి, ఆపి, ఆ వైరులో వోల్టులు ఎలా మారుతున్నాయో కొలవాలి.

రిలే వల్ల స్విచ్చి ఎల్‌ఈడీకి మరో ముప్పు ఉంది. స్విచ్చి ఆపిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కుప్పకూలి, ఎదురు దిశలో పదులు, ఒక్కోసారి వందల వోల్టుల దెబ్బ పుడుతుంది. దీపం కాయిల్‌తో సమాంతరంగానే ఉంది కాబట్టి ఆ దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. మామూలు ఎల్‌ఈడీ ఎదురు దిశలో తట్టుకునేది దాదాపు 5 వోల్టులే. లైట్లు ఏ లోపమూ లేకుండా పనిచేస్తూ, స్విచ్చి దీపం రోజురోజుకూ మసకబారి చివరకు ఆరిపోతే ముందు దీన్నే అనుమానించండి. స్విచ్చి మార్చితే కొత్తదానికీ అదే గతి పడుతుంది. కాయిల్ రెండు పిన్నుల మధ్య 1ఎన్4007 డయోడు (కరెంటును ఒక దిశలోనే పోనిచ్చేది) ఒకటి, దాని మీది తెల్లటి గీత 86 వైపు ఉండేలా, కలిపితే సమస్య తీరుతుంది. లోపలే డయోడు ఉన్న రిలేలూ దొరుకుతాయి. వాటికి మాత్రం 85, 86 తారుమారు చేయకూడదు, చేస్తే డయోడు గుండా షార్టయి ఫ్యూజు పోతుంది. లోపల రెసిస్టరు ఉన్న రిలేకు ఈ పట్టింపు లేదు.

మీరు బ్యాటరీ నుంచి నేరుగా పాజిటివ్ తీసుకున్నారు కాబట్టి, దీపాన్ని ఆరకుండా అలాగే వదిలేస్తే ఏమవుతుందని కూడా అడిగారు. ఎల్‌ఈడీ 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 0.48 ఆంపియర్ గంటలు, నెలకు 14 పైచిలుకు. రోజూ నడిచే బండికి అది లెక్కలోకి రాదు. నెలల తరబడి కదలని బండికి, అందులోనూ బ్యాటరీ పాతదైతే, సెల్ఫ్ మొరాయించడానికి అది చాలు. స్విచ్చికి వెళ్లే పాజిటివ్‌ను తాళంచెవి తిప్పి బండి ఆన్ చేసినప్పుడే కరెంటు వచ్చే వైరు నుంచి తీసుకుంటే, లైట్లు ఆపడం మరిచిపోయినా బ్యాటరీకి నష్టం ఉండదు. మీరు రిలే పెట్టేట్టయితే ఇది తేలిక, ఎందుకంటే ఆ వైరు మోయాల్సింది కాయిల్ కరెంటునే.

చివరగా ఫ్యూజు. 6 ఆంపియర్ల లోడుకు ఎర్రటి 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు, మీరు వేసిన నీలం రంగు 15 ఆంపియర్లది అవసరానికి మించింది. ఫ్యూజు కాపాడేది లైట్లను కాదు, వైరును; మీ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల కన్నా సన్నదైతే 15 అసలు వద్దు. ఫ్యూజు హోల్డరు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే ఉండాలి, లేకపోతే హోల్డరుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా ఉండదు. కొత్త ఫ్యూజు వేయడానికి ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, స్విచ్చి మూడు వైర్లనూ పైన చెప్పిన ప్రకారం కలిపి, తరువాత ఫ్యూజు స్థానంలో ఒక 21 వాట్ల ఇండికేటరు బల్బును తాత్కాలికంగా పెట్టి నెగటివ్ కలపండి. స్విచ్చి నొక్కగానే ఆ బల్బు నిండుగా వెలిగి, లైట్లలో వెలుగే లేకపోతే షార్టు ఇంకా ఉంది. బల్బు మధ్యస్థంగానో మినుకుమినుకుమంటూనో వెలుగుతూ లైట్లలో ఏ కాస్త వెలుగు కనిపించినా అమరిక సరిగ్గానే ఉంది, బల్బు తీసి 10 ఆంపియర్ల ఫ్యూజు వేయవచ్చు. ఇంత చేసినా దీపం ఆరకపోతే, 9 వోల్టుల బ్యాటరీకి ఏ రెండు పిన్నుల మధ్య దీపం వెలిగిందో, స్విచ్చి ఆపి ఉంచినప్పుడు ప్రతి పిన్ను దగ్గరా బ్యాటరీ నెగటివ్‌తో ఎన్ని వోల్టులు ఉన్నాయో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.